తంటాల వాగు ఒడ్డున ఒక వారం

అమెరికా వెళ్లి వచ్చినవారు మనకు చెప్పే అమెరికా దాదాపు ఒక్కటే. న్యూయార్కులో ఆకాశాన్నంటే మేడలు, నయాగరా జలపాతం, వాషింగ్టన్‌లో శ్వేతసౌధం, ఆపైన కొడుకో కూతురో కొనుక్కున్న ఇల్లు, ఆ ఇంటి వెనక పచ్చిక. ఫొటోలు తీసుకొచ్చినా అవే తీసుకొస్తారు. ఆ దేశంలోనూ చూరు కారే ఇళ్లున్నాయనీ, వరద వెళ్లిపోయి రెండేళ్లయినా తిన్నగా నిలబడని గోడలున్నాయనీ ఎవరూ చెప్పరు. అందులో వారి తప్పేమీ లేదు. విమానాలు దిగే చోటికీ, ఆ ఇళ్లకూ చాలా దూరం.

2024 వేసవి సెలవుల్లో నేను మా అక్కయ్య దగ్గరికి వెళ్లాను. వాళ్లుండేది కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ నగరం. గుర్రాలకు పేరుపడ్డ ఊరు. కంచెలు వేసిన పచ్చిక బయళ్లలో జాతి గుర్రాలు మేస్తూ ఉంటే వాటి వైభవం చూసి మనకు అసూయ పుడుతుంది. వెళ్లిన నాలుగో రోజున మా అక్కయ్య, “వచ్చే ఆదివారం నుంచి వారం రోజులు కొండల్లోకి వెళ్తున్నాం. ఇళ్లు బాగుచేయడానికి. నువ్వూ రావే, చూద్దువుగాని,” అన్నది.

సంగతేమిటంటే, మా అక్కయ్య కొడుకు స్నేహితులంతా వీధి చివర మెథడిస్టు చర్చి పిల్లలు. ఏటా వేసవిలో ఆ చర్చి యువకులు తూర్పు కెంటకీ పల్లెలకు వెళ్లి, బీదవారి ఇళ్లకు మరమ్మతులు చేసి వస్తారు. మావాడికి పదిహేడేళ్లు. రెండేళ్లుగా వాళ్లతో వెళ్తున్నాడు. పిల్లల వెంట పెద్దవాళ్లూ ఉండాలి గనుక ఈసారి మా అక్కయ్య పేరిచ్చింది. శనివారం సాయంత్రం వెంకటేశ్వరస్వామి ముందు దీపం పెట్టి, ఆదివారం పొద్దున్నే చర్చి బస్సెక్కింది. ఇందులో వింతేదో ఉందని ఆ బస్సులో ఎవరికీ తోచినట్టు లేదు.

పిల్లలు ఇరవై ఇద్దరు, పెద్దవాళ్లం ఎనిమిదిమందిమి. ఎవరి ఖర్చు వారిదే. అది గాక కలప కొనడానికి పిల్లలు వసంతకాలమంతా ఊళ్లోవాళ్ల కార్లు కడిగి డబ్బు కూడబెట్టారట.

కొండలు, కోనలు

లెక్సింగ్టన్ దాటి వించెస్టర్ మీదుగా కొండదారి పట్టగానే గుర్రాలు మాయమయ్యాయి. నేల మడతలు పడటం మొదలైంది. జాక్సన్ అనే ఊరు దాటేసరికి చుట్టూ కొండలే. అవి హిమాలయాల్లాంటివి కావు. మన నల్లమలలాగా నడితరం కొండలు, ఒకదాని వెనక ఒకటి, కిందనుంచి పైదాకా చెట్లు. అప్పలాచియన్ పర్వతాలు ప్రపంచంలో ముసలి కొండల్లోవి. వయసుతో అరిగి ఒదిగిపోయాయి.

రెండు కొండల నడుమ సన్నని లోయ, ఆ లోయలో వాగు, వాగు పక్కనే దారి, దారి పక్కనే ఇళ్లు. దీన్ని ఇంగ్లీషులో ‘హాలో’ అని రాస్తారు, అక్కడివాళ్లు ‘హాలర్’ అని పలుకుతారు. మనకు అచ్చమైన మాట ఉంది: కోన. ఇక్కడ చదునునేల బహు తక్కువ. ఉన్న కాస్త చదునూ వాగు ఒడ్డునే. కనుక ఇల్లు కట్టుకుంటే వాగు ఒడ్డున కట్టుకోవాలి, లేదా కొండకు వేలాడదీయాలి. ఇక్కడి కష్టాలలో సగం ఈ ఒక్క మాటలో ఉన్నాయి.

మేము దిగినది నాట్ కౌంటీ. కౌంటీ అంటే మన తాలూకా వంటిదనుకోండి. మొత్తం జనాభా సుమారు 14,000. ముఖ్యపట్టణం హైండ్‌మన్. అందులోంచి పారే వాగు పేరు ‘ట్రబుల్‌సమ్ క్రీక్’. తెలుగులో చెప్పాలంటే తంటాల వాగు. విజయవాడ దగ్గర బుడమేరు ఉన్నట్టే, ప్రతి ప్రాంతానికీ ఇలాంటి వాగు ఒకటి ఉంటుంది కాబోలు. మామూలు రోజుల్లో చీలమండ తడవనంత నీరు. మేము చూసిన నాడు పిల్లలు అందులో రాళ్లు ఎగరేసి ఆడుకుంటున్నారు.

2022 జూలై 27 రాత్రి మొదలై తెల్లవారేదాకా కురిసిన వానకు ఈ వాగే ఇళ్లను పునాదులతో సహా లేవదీసింది. జాక్సన్ దగ్గర నది 43 అడుగులు దాటి, 1939 నాటి రికార్డును మించింది. తూర్పు కెంటకీ మొత్తం మీద ఆ వరదకు 45 మంది పోయారు. చాలామందికి వరద బీమా లేదు. మేము వెళ్లేటప్పటికి రెండేళ్లు కావస్తున్నా, వాగు పక్క చెట్ల కొమ్మల్లో గుడ్డపీలికలు, ప్లాస్టిక్కు సంచులు మా తలలకన్నా ఎత్తున ఇంకా వేలాడుతున్నాయి.

హైండ్‌మన్‌లో 1902లో మే స్టోన్, క్యాథరిన్ పెటిట్ అనే ఇద్దరు స్త్రీలు స్థాపించిన పాఠశాల ఉన్నది. దాని పాత కాగితాల భాండారంలోకి కూడా వరదనీరు వచ్చింది. ఆ పాఠశాలలో జేమ్స్ స్టిల్ అనే రచయిత గ్రంథపాలకుడుగా ఉండేవాడు. పుస్తకాలు పెట్టెలో పెట్టుకుని కాలినడకన చుట్టుపక్కల ఏకోపాధ్యాయ పాఠశాలలకు మోసుకెళ్లేవాడట. 1935లో ప్రభుత్వ సహాయంతో గుర్రాల మీద, కంచరగాడిదల మీద స్త్రీలు ఈ కోనల్లో ఇంటింటికీ పుస్తకాలు చేరవేసే పథకం కూడా మొదలైంది. సరిగ్గా అదే 1935లో మన పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. అక్కడ గుర్రం, ఇక్కడ పడవ. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇంత బొగ్గు, ఇంత బీదరికం

ఈ కొండల కింద బొగ్గు ఉన్నది. అమెరికా రైళ్లు నడిచినది, ఉక్కు కరిగినది చాలావరకు అప్పలాచియా బొగ్గుతోనే. మరి బొగ్గు ఉన్నచోట బీదరికమేమిటి అని నేనూ అడిగాను.

రైలు ఈ కొండల్లోకి రాకముందే, పందొమ్మిదో శతాబ్దం చివరినుంచే, కంపెనీల ఏజెంట్లు వచ్చి రైతుల దగ్గర భూమి అడుగున ఉన్న ఖనిజాల మీద హక్కు కొన్నారు. ఎకరాకు అర్ధడాలరు మొదలు కొద్ది డాలర్ల వరకు ఇచ్చారు. రైతుకు ఆ కాగితం చదవడం రాదు. పట్టా తనదే, పాతాళం మాత్రం కంపెనీది. అడుగున ఉన్నది తీసుకోవడానికి పైన ఏం చేసినా చెల్లుతుందని ఆ కాగితాలకు తరువాత అర్థం చెప్పారు. దొడ్డినీ, తోటనూ యంత్రాలతో తవ్వేసినా యజమాని చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. 1988లో కెంటకీ ప్రజలు రాజ్యాంగ సవరణ చేసుకుంటేగాని దీనికి అడ్డుకట్ట పడలేదు.

గనుల దగ్గర ఊళ్లూ కంపెనీవే. ఇల్లు, దుకాణం, డాక్టరు అన్నీ కంపెనీవి. చాలాచోట్ల కూలి కూడా కంపెనీ తయారుచేసిన బిళ్లల్లోనే ఇచ్చేవారు. అవి కంపెనీ దుకాణంలో తప్ప చెల్లవు. తరువాత యంత్రాలు వచ్చాయి, మనుషుల అవసరం తగ్గింది. ఆ తరువాత బొగ్గుకే గిరాకీ తగ్గింది. బొగ్గు వెళ్లిపోయింది, లాభం దానితో వెళ్లింది, బొగ్గుపొడి మాత్రం పనిచేసినవారి ఊపిరితిత్తుల్లో మిగిలింది.

1964 ఏప్రిల్ 24న ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ ఇక్కడికి దగ్గరలోని మార్టిన్ కౌంటీకి వచ్చి, ఒక బీదవాడి ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడాడు. దరిద్రం మీద యుద్ధం ప్రకటించిన రోజులవి. 1969లో గ్లెన్ ‘టెక్స్’ ఎవాన్స్ అనే మెథడిస్టు పాస్టరుగారు యాభైమందిని వెంటబెట్టుకుని ఇదే రాష్ట్రంలోని బార్బర్‌విల్ వచ్చి నాలుగు ఇళ్లు బాగుచేయించాడు. అప్పలాచియా సర్వీస్ ప్రాజెక్టు అనే సంస్థ అలా పుట్టింది. ఇల్లు వెచ్చగా ఉండాలి, భద్రంగా ఉండాలి, పొడిగా ఉండాలి అన్న మూడు మాటలే వారి సూత్రం. ఈనాడు ఎన్నో చర్చిల పిల్లలు వేసవిలో ఇలా రావడం ఆచారమైపోయింది. మా బస్సూ ఆ దారినే వచ్చింది.

అంగుళానికి అడుగు

మేము పడుకున్నది ఒక బడి హాలులో, నేల మీద. పొద్దున ఆరింటికి లేవడం, ఏడున్నరకు పనిలోకి. మా జట్టుకు వచ్చిన పని ఒక ముసలావిడ ఇంటికి చక్రాలకుర్చీ దిగే వాలుబాట కట్టడం. ర్యాంపు అంటాముగదా, అది.

ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. భర్త గనిలో పనిచేసి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తుంటి విరిగిన తరువాత ఆవిడ చక్రాలకుర్చీ పాలైంది. అరుగు నుంచి కిందికి ఐదు మెట్లు. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఇద్దరు మొగవాళ్లు వచ్చి కుర్చీతో సహా ఎత్తి దింపాలి. ప్రతి మే నెలలోనూ ఆ కొండల్లో కుటుంబాలన్నీ తమతమ సమాధుల దగ్గరికి పూలతో వెళ్తారు. భర్త సమాధి ఇంటి పక్క మిట్ట మీదే ఉన్నది, అరుగు మీద నుంచి కనిపిస్తుంది. రెండేళ్లుగా ఆవిడ చూడటమే గాని వెళ్లలేదు. ఎత్తుకెళ్తామని అన్న కొడుకులను వద్దన్నదట. “ఆయన దగ్గరికి మూటలాగా వెళ్లను,” అన్నదట.

అక్కడి ఇళ్లు మన ఇళ్లలా ఇటుకా సున్నమూ కావు. కొయ్యచట్రం మీద పలకలు బిగించినవి. ముందు తప్పనిసరిగా అరుగు. ఊరి కబుర్లు, పప్పుగింజలు ఒలుచుకోవడం, సాయంత్రపు పాట అన్నీ అక్కడే. మన పల్లెల్లో అరుగులు పోయి గేట్లు వచ్చాయి. అక్కడ ఇంకా మిగిలి ఉన్నాయి.

మావాడు టేపు పట్టి కొలిచాడు. అరుగు ఎత్తు ముప్పయిరెండు అంగుళాలు.

“అయితే ర్యాంపు ముప్పయిరెండు అడుగులు, పిన్నీ,” అన్నాడు.

“ఎలా చెప్పావురా అంత తేలిగ్గా?”

“అంగుళానికి అడుగు. అంతకన్నా వాలు ఎక్కువైతే ముసలివాళ్లు కుర్చీ తోసుకోలేరు, దిగేటప్పుడు జారుతుంది. అదే లెక్క.”

ఇరవై ఏళ్లుగా కాలేజీలో ఛందస్సు చెబుతున్నాను. గణాలు ఎంత కచ్చితంగా పడాలో నాకు తెలుసు. ఈ లెక్క నాకు వెంటనే నచ్చింది. దొడ్డిలో ముప్పయిరెండు అడుగులు తిన్నగా సాగే చోటు లేదు. కనుక ఇరవై అడుగులు ఒక వైపు, మలుపులో అయిదడుగుల చదరపు వేదిక, అక్కడనుంచి పన్నెండు అడుగులు వెనక్కి అని నిర్ణయమైంది.

మా జట్టుకు మేస్త్రీ అదే కోనలో ఉండే ఒక పెద్దమనిషి. ముప్పయి ఏళ్లు గనిలో పనిచేసి, ఆ తరువాత వడ్రంగం పట్టాడు. మాట తక్కువ. స్తంభాల గుంటలు రెండేసి అడుగుల లోతు తవ్వాలన్నాడు. అంత ఎందుకంటే, చలికాలంలో నేలలో తేమ గడ్డకట్టి ఉబ్బుతుంది, పైపైన పాతిన స్తంభాన్ని పైకి నెట్టేస్తుంది. మన వడ్రంగులకు ఈ బెడద లేదు. వాళ్లకు చెదలు చాలు.

సోమవారం, మంగళవారం గుంటలతోనే సరిపోయింది. అడుగున్నర దిగగానే ఇసుకరాయి. ఆరో గుంటలో గడ్డపార ఖంగుమన్నది. నలుగురు ఆడపిల్లలు వంతులు వేసుకుని మధ్యాహ్నమంతా ఆ ఒక్క రాయినే కొట్టారు. అందులో ఒక పిల్ల తండ్రికి లెక్సింగ్టన్‌లో నాలుగు కార్లున్నాయి. ఆ సాయంత్రం తన అరచేతుల బొబ్బలు చూసుకుంటూ కూర్చుంది. ఏడుస్తుందేమోననుకున్నాను, గాని మరునాడు అందరికన్నా ముందు గడ్డపార అందుకున్నది ఆ పిల్లే. బుధవారం పొద్దంతా వాన. గుంటల్లో నీళ్లు నిలిచాయి. పని ఒక రోజు వెనకబడింది. శనివారం మేము వెళ్లిపోవాలి. వచ్చే వారం వచ్చే జట్టు మరో కౌంటీకి కేటాయించబడింది. అంటే శుక్రవారానికి పూర్తికాకపోతే ఆవిడ దొడ్డిలో ఎప్పటిదాకానో సగం కట్టిన ర్యాంపు ఉండిపోతుంది. సగం ర్యాంపు ఎవరికీ పనికిరాదు. ఉన్న మెట్లు కూడా మంగళవారమే పీకేశాం.

మామ్మ

కోనలోని పిల్లలంతా ఆవిడను ‘మ్యామా’ అని పిలవడం మొదటిరోజే విన్నాను. అమ్మమ్మను గాని, నాయనమ్మను గాని ఆ కొండల్లో అలాగే పిలుస్తారు. తాతను ‘ప్యాపా’ అంటారు. మా ఇంట్లో మా నాన్నగారి తల్లిని మేము మామ్మ అనే పిలిచేవాళ్లం. భాషాశాస్త్రజ్ఞులు దీనికి పెద్ద అర్థమేమీ లేదంటారు. పసిపిల్లల నోట మొదట పలికేది మకారమే గనుక అన్ని దేశాల్లోనూ తల్లికీ, అవ్వకూ ఆ అక్షరమే వస్తుంది. శాస్త్రం అలా ఉండనివ్వండి. నేను రెండో రోజునుంచి ఆవిడను మామ్మా అనే పిలిచాను, ఆవిడ పలికింది.

మధ్యాహ్న భోజనానికి మేము రొట్టెముక్కలు తెచ్చుకుంటాం. ఆవిడ ఒప్పుకోలేదు. “నా అరుగు మీద పనిచేస్తూ నా ఇంట్లో తినకపోవడమేమిటి?” అన్నది. చిక్కుడుజాతి గింజలు రాత్రంతా నానబెట్టి, మెత్తగా పులుసులా ఉడికించి, ఇనుప మూకుడులో కాల్చిన మొక్కజొన్న రొట్టెతో పెడతారు. పక్కన పచ్చి ఉల్లిపాయ. ఇంతకంటే మన భోజనానికి దగ్గరైనది అమెరికాలో నేను చూడలేదు. అయితే ఆ గింజలు పందికొవ్వు వేసి ఉడికిస్తారు. మా అక్కయ్య, నేను మాంసం ముట్టం. ఆ సంగతి మావాడు మెల్లగా ఆవిడ చెవిన వేశాడు. మరునాడు పొయ్యిమీద రెండు గిన్నెలున్నాయి. చిన్న గిన్నె చూపించి, “ఇది మీది. కూర్చుని చేశాను గనుక ఆలస్యమైంది,” అన్నది. ఒంటిచేత్తో కుర్చీ తోసుకుంటూ ఆవిడ ఆ రెండో గిన్నె ఎలా ఎక్కించిందో నాకు తెలియదు.

మా అక్కయ్య సంచిలో ఆవకాయ సీసా ఉన్నది. మామ్మ రొట్టెకు కాస్త రాసుకుని తిన్నది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా వదల్లేదు. “ఇందులో ఆవాలున్నాయి,” అన్నది. వాళ్లు పచ్చి టమాటాలు, క్యాబేజీ తరిగి ఆవాలు, వినిగరు వేసి ఊరబెట్టే పచ్చడి ఒకటి ఉన్నది. దాన్ని ‘చౌచౌ’ అంటారు. తన సీసా ఒకటి మా అక్కయ్యకు ఇచ్చింది. ఇచ్చిపుచ్చుకోవడం సరిపోయిందన్నట్టు తల పంకించింది. ఊరికే తీసుకోవడం ఆవిడకు పడదు.

కెమెరా సంగతి

ఈ పత్రిక బొమ్మల పత్రిక. ఆ ఇంటి బొమ్మ ఇందులో ఎందుకు లేదో పాఠకులకు చెప్పాలి.

మొదటిరోజు రాత్రే జట్టు పెద్ద పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఎవరింటికీ ఫొటో తీయకూడదని కట్టడి చేశాడు. నాకది అతిగా అనిపించింది. మరునాడు మేస్త్రీని అడిగితే కారణం చెప్పాడు. 1964 తరువాత పత్రికలవాళ్లు, సినిమావాళ్లు ఈ కోనల్లోకి తండోపతండాలుగా వచ్చారు. ప్రతి కోనలోనూ అన్నిటికన్నా పాడుపడ్డ ఇల్లు, అన్నిటికన్నా మురికిగా ఉన్న పిల్లవాడు, వీటినే వెతికి తీసుకెళ్లారు. పక్కనే సున్నం కొట్టుకున్న ఇల్లు వాళ్ల కంటికి ఆనలేదు. 1967 సెప్టెంబరులో పక్కనున్న లెచర్ కౌంటీలో హ్యూ ఓకానర్ అనే కెనడా చిత్రనిర్మాత ఇలాగే చిత్రం తీస్తూండగా ఆ స్థలం యజమాని తుపాకీతో కాల్చి చంపాడు. ఆ హత్యను గూర్చి, దాని వెనకనున్న అవమానాన్ని గూర్చి ఆ కొండల్లోనే ఉంటున్న ఎలిజబెత్ బారెట్ అనే ఆమె 2000లో ఒక చలనచిత్రం తీసింది.

“చంపడం తప్పే,” అన్నాడు మేస్త్రీ. “కాని మా బీదరికం వాళ్లకు బతుకుతెరువైంది. మా అమ్మ ఆ రోజుల్లో కారు చప్పుడైతే చాలు, మమ్మల్ని లోపలికి పిలిచి ముఖాలు కడిగేది.”

“మరి ఈ పిల్లలు కూడా బయటివాళ్లే గదా?”

అతను కాసేపు రసమట్టంలో బుడగ వంకే చూశాడు. “ఔను. కొందరు వచ్చి మమ్మల్ని బాగుచేద్దామనుకుంటారు. వాళ్లతో నాకు పని లేదు. ఇల్లు బాగుచేద్దామని వచ్చినవాళ్లకు సుత్తి ఇస్తాను.”

నా మనసులో మూడు రోజులుగా నలుగుతున్న ప్రశ్న కూడా ఇదే. వారం రోజుల పనికి ముప్పయిమంది ప్రయాణాలు, తిండి, పడక ఇవన్నీ లెక్కవేస్తే, ఆ డబ్బు పెట్టి ఇద్దరు వడ్రంగులను పిలిపిస్తే నాలుగు ర్యాంపులు కట్టేవారేమో. ఈ మాట మా అక్కయ్యతో అన్నాను. “కట్టేవారే,” అన్నది మా అక్కయ్య. “కాని ఆ డబ్బు పోగవడానికే ఈ పిల్లలు రావాలి. రాకపోతే ఏ కారు కడిగిన డబ్బు ఈ కోనకు వస్తుంది?” ఇది పూర్తి జవాబు కాదు. ఈ కొండల అప్పు తీరాలంటే బొగ్గు తీసుకున్నవారు తీర్చాలి గాని పిల్లలు కాదు. కాని ఆ అప్పు తీరేదాకా మామ్మ మెట్ల మీదే ఉండాలా?

క్లౌ దొర కాలువ

గురువారం మధ్యాహ్నం మామ్మ నన్ను అడిగింది: “మీ ఊరికి ఎప్పుడైనా అమెరికావాళ్లు వచ్చారా?”

మాది ఒంగోలు. ఆ ఊరివాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కరలేదు. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. 1876–78 దాతుకరువులో జనం తిండిలేక చచ్చిపోతుంటే, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడుమైళ్లకు పైగా పని తాను కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి ఇచ్చాడు. పూర్వం సర్వే పని చేసినవాడు గనుక ఆ పని అతనికి తెలుసు. కరువు సాగినన్నాళ్లూ అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నంకోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని అతని పట్టుదల. కరువు తీరాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు.

ఇదంతా చెప్పి, మామ్మ ఆ పుణ్యదినాన్ని గూర్చి ఏదో అంటుందని ఎదురుచూశాను. ఆవిడ అడిగినది వేరు.

“కూలి డబ్బుల్లో ఇచ్చాడా, బిళ్లల్లో ఇచ్చాడా?”

“డబ్బుల్లోనే, మామ్మా.”

“అయితే మంచివాడే,” అన్నది.

నూట యాభై ఏళ్లనాటి ఆ కరువుపనిని గూర్చి నేను చాలా వ్యాసాలు చదివాను. ఈ ప్రశ్న అడిగినవారు ఒక్కరూ లేరు. గనికార్మికుడి భార్యకే అది తట్టింది.

ఆ మాటలమీదనే వరద సంగతి వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమలో సముద్రం పొంగి, దాదాపు పదివేలమంది పోయారని, మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రాత్రి గురించి గొంతు తగ్గించి మాట్లాడతారని చెప్పాను. మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. వరదలో ఇళ్లు పోయినవారికి ప్రభుత్వం మెరకమీద కొత్త ఇళ్లు కట్టిస్తోంది. బొగ్గుకోసం కొండల తలలు తీసేసిన చోట్ల చదునునేల ఏర్పడింది, కొన్ని కాలనీలు అక్కడే లేస్తున్నాయి. కొండను పాడుచేసిన పనే ఇప్పుడు కొందరికి మెరకనిస్తోంది. ఆవిడనూ వెళ్లమన్నారట. వెళ్లలేదు. సమాధి ఉన్న మిట్ట వైపు చూపించి ఊరుకున్నది.

శుక్రవారం

బుధవారం పోయిన రోజును పిల్లలు గురువారం, శుక్రవారం చీకటిపడేదాకా పనిచేసి రాబట్టారు. దూలాలు బిగించడం, పలకలు పరచడం. పలకకూ పలకకూ నడుమ ఒక మేకు మందం సందు వదలాలి, వాననీరు దిగడానికి. మేస్త్రీ రసమట్టం పెట్టి రెండు దూలాలు విప్పించాడు. ఎవరూ నోరెత్తలేదు. రెండువైపులా చేతికడ్డీలు బిగించేసరికి శుక్రవారం సాయంత్రం ఏడు దాటింది. వేసవి గనుక వెలుతురు ఇంకా ఉన్నది.

పాత బాప్టిస్టుల పాటపద్ధతి ఒకటి ఆ కొండల్లో మిగిలి ఉన్నది. ఒకరు చరణం ముందుగా వల్లిస్తే, మిగిలినవారు దాన్నే సాగదీసి పాడతారు. మన భజనగోష్ఠుల్లో లాగానే. వాద్యాలుండవు. మేస్త్రీ సుత్తి కింద పెట్టి, అంతవరకూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి, గొంతెత్తాడు. మామ్మ అందుకున్నది. మా పిల్లలకు ఆ పాట రాదు. నిలబడి విన్నారు.

తరువాత మామ్మ కుర్చీ చక్రాల మీద చేతులు వేసింది. మావాడు వెనక పట్టుకోబోతే మేస్త్రీ కళ్లతోనే వారించాడు. ఇరవై అడుగులు, వేదిక దగ్గర ఆగి మలుపు, పన్నెండు అడుగులు. నేల మీదికి వచ్చింది. అక్కడినుంచి మిట్ట మీదికి గడ్డిదారి, అది కుర్చీకి ఎక్కదు. కొడుకులిద్దరూ వచ్చారు. “ఇప్పుడు తొయ్యండి,” అన్నది.

మేము అరుగు దగ్గరే ఉండిపోయాం.

నేను తిరిగి వచ్చిన మూడు నెలలకు, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు పొంగి విజయవాడలో సగం పేటలు మునిగాయి. మా అక్కయ్యకు ఫోను చేసి చెబితే, ఆ కబురు కోనకు కూడా వెళ్లిందట. మేస్త్రీ భార్య మావాడికి ఉత్తరం రాస్తూ, మీ పిన్ని ఇల్లు క్షేమమా అని మామ్మ అడగమన్నదని రాసింది. 2025 ఫిబ్రవరిలో తూర్పు కెంటకీకి మళ్లీ వరద వచ్చింది. నీళ్లు ర్యాంపు నాలుగో స్తంభం దాకా వచ్చి వెనక్కి తీశాయట. ఆరో గుంట, ఇసుకరాయి తగిలినది, కదల్లేదు.

మా కాలేజీ గ్రంథాలయానికి మూడు మెట్లున్నాయి. చక్రాలకుర్చీలో వచ్చే విద్యార్థి ఒకడు కింద ఆగి, స్నేహితుల చేత పుస్తకాలు తెప్పించుకునేవాడు. వచ్చిన వారంలోనే టేపు పెట్టి కొలిచాను. ఇరవై ఒక్క అంగుళాలు. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు ఒక తాపీమేస్త్రీని పెట్టుకుని డిసెంబరు సెలవుల్లో ఇటుకతో, సిమెంటుతో కట్టారు. ఇరవై ఒక్క అడుగులు. గుంటలు అంత లోతు అక్కరలేకపోయింది.